మా సంఘంలోకి కొత్తవాళ్లు రావడం లేదు. చిన్న ఊళ్ల చర్చిల వాళ్లు ఏం చేస్తున్నారు?

గుండ్లకమ్మ_సెక్రటరీ (సోమవారం, రాత్రి 9:12)

అందరికీ వందనాలు. మాది ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రం, బాప్టిస్టు సంఘం. చర్చి మిషనరీల కాలంలో కట్టింది. మూడొందల మంది సులువుగా పడతారు. ఆదివారం ఆరాధనకి సగం కూడా నిండదు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లే. పిల్లలంతా హైదరాబాద్, బెంగళూరు. క్రిస్మస్‌కి వస్తారు, కొత్త సంవత్సరం ప్రార్థన అవగానే బస్సెక్కుతారు.

మొన్న పెద్దల మీటింగ్‌లో మూడు సలహాలు వచ్చాయి. ఒకటి, కొత్త సౌండ్ సిస్టం, కీబోర్డ్, ప్యాడ్స్. రెండు, పేరున్న ప్రసంగీకుణ్ని పిలిచి మూడు రోజుల స్వస్థత కూటాలు. మూడు, గోపురం మీద ఎల్‌ఈడీ సిలువ. మూడింటికీ డబ్బు కావాలి. మూడూ చేసినా మా వీధివాళ్లు ఒక్కరైనా లోపలికి వస్తారా అన్నది నా అనుమానం.

మీ దగ్గర కొత్త కుటుంబాలు వచ్చి నిలబడిన సంఘాలుంటే, అసలు వాళ్లు ఎలా వచ్చారో చెప్పండి. దయచేసి బైబిలు వాక్యం చెప్పకండి, అది మాకు పాస్టరు అయ్యగారు వారం వారం చెప్తూనే ఉన్నారు.

మియాపూర్_జాషువా (సోమవారం, రాత్రి 9:40)

బ్రదర్, సౌండ్ సిస్టం తీసిపారేయకండి. మా సంఘం ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మొదలైంది, ఇప్పుడు రెండు ఆరాధనలు నడుస్తున్నాయి. సంగీతం బాగుంటే కుర్రాళ్లు వస్తారు, ఇది నిజం.

ఇంకో సంగతి, గూగుల్ మ్యాప్స్‌లో మీ చర్చి ఉందా? ఆరాధన టైమ్ సరిగ్గా ఉందా? ఊరు మారినవాళ్లు శనివారం రాత్రి ఫోన్‌లో వెతుక్కుంటారు. మా దగ్గరికి వచ్చిన సగం మంది అలా వచ్చినవాళ్లే. యూట్యూబ్ లైవ్ కూడా పెట్టండి. కరోనా తర్వాత జనం ముందు ఇంట్లో కూర్చుని చూసి, నచ్చితే అడుగు పెడుతున్నారు.

విశ్రాంత_హెడ్మాస్టర్ (సోమవారం, రాత్రి 10:05)

జాషువా బాబూ, మీ దగ్గరికి వచ్చినవాళ్లలో మొదటిసారి చర్చి గడప తొక్కినవాళ్లు ఎంతమంది? ఉద్యోగం కోసం ఊరు మారి, అక్కడ వదిలిన సంఘానికి బదులు ఇక్కడ ఇంకోటి వెతుక్కున్నవాళ్లే ఎక్కువ కదా. తప్పేం లేదు, వాళ్లకీ సంఘం కావాలి. కానీ సెక్రటరీ గారి ఊరినుంచి బయల్దేరినవాళ్లే మీ లెక్కలో కొత్తవాళ్లు. ఆ పద్ధతి ఆయనకి పనికి రాదు. వాళ్ల మండల కేంద్రానికి ఎవరూ ట్రాన్స్‌ఫర్ మీద వచ్చి చర్చి వెతుక్కోరు, మహా అయితే ఓ బ్యాంకు ఆఫీసరు.

మియాపూర్_జాషువా (సోమవారం, రాత్రి 10:11)

మాస్టారూ, అది ఒప్పుకుంటాను. అయినా మ్యాప్స్‌లో టైమ్ పెట్టడానికి డబ్బేం ఖర్చు కాదు కదా :)

విశ్రాంత_హెడ్మాస్టర్ (మంగళవారం, ఉదయం 6:20)

సెక్రటరీ గారూ, మీ పేరులోనే గుండ్లకమ్మ పెట్టుకున్నారు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఆ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మన సంఘాల వార్షికోత్సవాల్లో ఈ అంకె చెప్పని ప్రసంగం ఉండదు. దానికి ముందు జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు.

1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. పనిలో ఉన్నవాళ్లు, చుట్టుపక్కలవాళ్లు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా వస్తామన్నవాళ్లే ఆ 2,222 మంది.

ఇవాళ మనల్ని "బియ్యం బస్తా క్రైస్తవులు" అని వెక్కిరిస్తుంటే మనకి మండుతుంది. నూట నలభై ఏళ్ల కిందటే ఆ మాటకి తన పద్ధతిలో జవాబు చెప్పినవాడు మన జిల్లాలోనే ఉన్నాడు. కాబట్టి దుప్పట్లు పంచండి, బియ్యం పంచండి, కానీ హాజరు పట్టీ పక్కన పెట్టుకుని పంచకండి.

గుండ్లకమ్మ_సెక్రటరీ (మంగళవారం, ఉదయం 7:02)

మాస్టారూ, ఆ బాప్తిస్మాలు ఆపిన సంగతి మా సంఘంలో సగం మందికి తెలీదు. సరే, అది ఏం చేయకూడదో చెప్పింది. అప్పట్లో అంతమంది దాకా మాట ఎలా వెళ్లింది? క్లౌ గారు ఒక్కరే గుర్రం మీద తిరిగితే అయ్యే పని కాదుగా.

విశ్రాంత_హెడ్మాస్టర్ (మంగళవారం, ఉదయం 7:30)

కాదు. మాట తీసుకెళ్లింది యెర్రగుంట్ల పేరయ్య, ఆయన లాంటివాళ్లు. తాళ్లకొండపాడు ఆయన ఊరు, తోళ్ల వ్యాపారం. తోళ్లు కొనడానికి వెళ్లిన ప్రతి పల్లెలో తెలిసినవాళ్లు ఉంటారు, వియ్యాలవారుంటారు, మేనమామలుంటారు. మాట ఆ చుట్టరికాల దారిలో పాకింది. దొరకి తెలుగు రావడం కంటే పేరయ్యకి బంధువులుండటం ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

డోర్నకల్ బిషప్ అజరయ్య గారిదీ ఇదే పట్టు. 1912లో ఆంగ్లికన్ సభలో బిషప్ అయిన మొదటి భారతీయుడాయన. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి, "సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అనిపించేవారట. పాస్టరు కాదు, కూలికి వెళ్లే మామూలు విశ్వాసి కూడా ఆ పని చెయ్యాలని.

ఇప్పుడు మన సంఘాల్లో ఆ పని మొత్తం అయ్యగారి జీతంలో కలిపేశాం.

ఖమ్మం_ఉజ్జీవం (మంగళవారం, ఉదయం 8:15)

ప్రైజ్ ద లార్డ్. మాస్టారి ఆఖరి మాటకి ఆమేన్. కానీ స్వస్థత కూటాల గురించి సెక్రటరీ గారు చులకనగా రాశారు. పల్లెటూళ్లలో ఇవాళ విశ్వాసంలో ఉన్న కుటుంబాల్ని అడగండి, పదింట ఎనిమిదిళ్లు ఏదో జబ్బుతోనో, పిల్లలు లేకనో, భర్త తాగుడుతోనో ప్రార్థనకి వచ్చినవాళ్లే. పేరయ్య కాలం వేరు. ఇప్పుడు జనం కష్టంలో వస్తారు. కష్టంలో వచ్చినవాళ్ల కోసం ప్రార్థన చేయకుండా మ్యాప్స్‌లో టైమ్ పెట్టుకుంటే సరిపోతుందా?

నర్సు_గ్రేస్ (మంగళవారం, మధ్యాహ్నం 2:10)

జబ్బుతో వస్తారన్నది నిజం అన్నా. నేను గవర్నమెంట్ ఆస్పత్రిలో పనిచేస్తాను, రోజూ చూస్తాను. కానీ రెండు మాటలు చెప్పాలి.

ఒకటి, ప్రార్థన చేసిన చేత్తోనే "బిళ్లలు ఆపొద్దు" అని కూడా చెప్పండి. స్వస్థత అయిపోయిందని సాక్ష్యం చెప్పించాక మనిషి టీబీ మందులు మధ్యలో మానేస్తే, కొన్నాళ్లకి మళ్లీ మా వార్డుకే వస్తాడు. ఈసారి ఆ మందులకి లొంగని జబ్బుతో వస్తాడు. అప్పుడు వీధిలో ఆ చర్చి పేరు ఏమవుతుందో ఆలోచించండి.

రెండు, కూటాలకి వచ్చినవాళ్లు ఎందుకు నిలబడరంటే, ప్రసంగీకుడు నాలుగో రోజు కారెక్కి వెళ్లిపోతాడు. జబ్బు మనిషి మాత్రం ఆ మంచం మీదే ఉంటుంది. మా సంఘంలో ఆడవాళ్లు ఇద్దరిద్దరు చొప్పున ఆస్పత్రికి వస్తారు. పెద్ద ప్రసంగాలేం ఉండవు. పక్క మంచం ఆమెకి కూడా గంజి పోస్తారు, అటెండర్ లేని ముసలామెకి స్కానింగ్ దగ్గర తోడు నిలబడతారు. వాళ్లలో కొందరు డిశ్చార్జ్ అయ్యాక "మీ చర్చి ఎక్కడ" అని అడుగుతారు. అడగనివాళ్లే ఎక్కువ. అయినా వెళ్తారు.

ఇంకా చెప్పాలంటే, మన గురించి వీధికి బాగా తెలిసేది చావు దగ్గర. మా కాలనీలో ఒక ఒంటరి మనిషి పోతే ఎత్తడానికి నలుగురు లేరు. సంఘం మగపిల్లలు వెళ్లి మోశారు. ఆయన మనవాడు కాదు, వాళ్ల పద్ధతిలోనే దహనం చేశారు. ఆ తర్వాత ఆ వీధిలో మా కేరల్స్‌కి తలుపు వేసుకున్న ఇల్లు లేదు.

పక్క_గోడ_రాఘవ (మంగళవారం, సాయంత్రం 6:45)

నేను క్రైస్తవుణ్ని కాదు. గుంటూరులో మా ఇల్లు ఒక చర్చి గోడకి ఆనుకునే ఉంటుంది. స్థానికుల్ని ఎలా రప్పించాలో చర్చిస్తున్నారు కాబట్టి ఒక స్థానికుడి మాట వినండి.

మీరంటే నాకు వచ్చే మొదటి ఆలోచన మైకు. తెల్లవారి నాలుగున్నరకి ఉపవాస ప్రార్థన అని బయట హారన్ పెడతారు. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట మైకు వాడకూడదు. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. గుడి మైకుకీ, మసీదు మైకుకీ కూడా అదే రూలు, వాళ్లూ పాటించరు, ఒప్పుకుంటా. కానీ వాళ్లు నన్ను మెంబర్‌గా చేర్చుకోవాలని చూడటం లేదుగా.

రెండోది, ఆ మైకులోనే మా దేవుళ్లని రాళ్లూ రప్పలూ అంటారు. మా అమ్మ పక్క గదిలో పూజ చేసుకుంటూ వింటుంది. ఆ ఆదివారమే సాయంత్రం మీ కుర్రాళ్లు నవ్వుతూ కరపత్రం తెచ్చిస్తారు. ఎలా తీసుకోవాలి?

ఇంత చెప్పినా ఏటా సెమీ క్రిస్మస్‌కి మా ఇంటికి కేకు పంపిస్తారు, మేం సంక్రాంతికి అరిసెలు పంపిస్తాం. ఆ పాస్టరు గారి భార్య మా అమ్మకి మోకాళ్ల నొప్పి ఎలా ఉందని ప్రతిసారీ అడుగుతుంది. మా ఇంట్లో ఆ చర్చి మీద కోపం పూర్తిగా ముదరకపోవడానికి ఆవిడే కారణం.

ఖమ్మం_ఉజ్జీవం (మంగళవారం, రాత్రి 8:20)

రాఘవ గారూ, మైకు విషయం న్యాయమే. కానీ సువార్త చెప్పడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు, 25వ అధికరణ. ఎవరికో కోపం వస్తుందని నోరు మూసుకోం.

అడ్వకేట్_కరుణ (మంగళవారం, రాత్రి 9:30)

హక్కు ఉంది, హద్దులూ ఉన్నాయి. 25వ అధికరణలోనే ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే షరతులు రాసి ఉన్నాయి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, మతం గురించి చెప్పుకోవచ్చు కానీ ఇంకొకర్ని మార్చడం హక్కు కాదు అంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టం ప్రకారం, ప్రభుత్వం నోటిఫై చేసిన పూజాస్థలాల్లో వేరే మతం ప్రచారం చేస్తే నేరం. తిరుమల అలాంటిదే. తెలియక కరపత్రాల కట్టతో కొండెక్కే కుర్రాళ్లకి ఇది ముందే చెప్పాలి.

కూటాల పోస్టర్ వేసేవాళ్లకి ఇంకో మాట. "క్యాన్సర్, షుగర్, మూర్ఛ వెంటనే స్వస్థత" అని జబ్బుల జాబితా అచ్చు వేస్తారు చూడండి, మహిమతో జబ్బు నయం చేస్తామన్న ప్రకటనల మీద 1954 నుంచే చట్టం ఉంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే తిరగాల్సింది సంఘ కార్యదర్శే.

సెక్రటరీ గారూ, మీరు అడగని విషయం ఒకటుంది. మీ ఊళ్లో చర్చికి వస్తూ, సభ్యత్వం మాత్రం తీసుకోనివాళ్లు ఎందరున్నారు?

గుండ్లకమ్మ_సెక్రటరీ (మంగళవారం, రాత్రి 9:48)

ఉన్నారు. వెనక బెంచీల్లో కూర్చుంటారు. రిజిస్టర్‌లో పేరు రాయమంటే నవ్వి తప్పుకుంటారు. ఎందుకో మా పెద్దలందరికీ తెలుసు, ఎవరూ పైకి మాట్లాడరు.

అడ్వకేట్_కరుణ (మంగళవారం, రాత్రి 10:15)

పైకి మాట్లాడాలి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించింది. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగలకి ఎస్సీ హోదా ఉండదు. మన దగ్గర వాళ్లని బీసీ-సీలో పెట్టారు, ఒక్క శాతం రిజర్వేషన్. బిడ్డ ఇంజినీరింగ్ సీటు, కొడుకు ఉద్యోగం, దాడి జరిగితే అట్రాసిటీ చట్టం రక్షణ, అన్నీ ఆ ఎస్సీ సర్టిఫికెట్ మీదే ఉన్నాయి. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు ఒకటిన్నర శాతం కూడా లేరు. ఆదివారం పొద్దున ఏ పల్లె రోడ్డు మీద నిలబడినా ఆ లెక్క నమ్మబుద్ధి కాదు.

కాగితం మీద ఒకటి, మనసులో ఒకటి ఉంచుకోమని నేను సలహా ఇవ్వను, అలా ఇవ్వడం నా వృత్తికీ తగదు. కానీ వాళ్లని పిరికివాళ్లనో, నులివెచ్చని విశ్వాసులనో ప్రసంగ పీఠం మీదనుంచి దెప్పకండి. వాళ్లు పోగొట్టుకునేదేంటో దెప్పేవాడికి తెలిసుండాలి. కొత్తవాళ్లు రావడం లేదని మీరంటున్నారు. వచ్చినవాళ్లు మీ వెనక బెంచీలోనే ఉన్నారు, మీ రిజిస్టర్‌లో లేరంతే.

ఒకప్పటి_క్వయర్ (మంగళవారం, రాత్రి 11:02)

కరుణ గారు కులం దాకా వచ్చారు కాబట్టి నేనూ రాస్తాను. పదేళ్లు క్వయర్‌లో పాడాను. మానేశాను.

మా పట్టణంలో ఒకే డినామినేషన్‌వి రెండు చర్చిలు, మధ్యలో ఒక రోడ్డు. అటువైపు ఒక కులం, ఇటువైపు ఇంకో కులం. బోర్డు మీద అలా రాసుండదు, కానీ పెళ్లి సంబంధాల దగ్గర, స్మశానం దగ్గర బయటపడుతుంది. కొత్తవాడు లోపలికి రాగానే పక్కనున్న పెద్దాయన ఆప్యాయంగా అడిగే మొదటి ప్రశ్న "ఎవరబ్బాయివి బాబూ, మీదే పేట?" పేట పేరు చెప్తే కులం తెలిసిపోతుంది. అది తెలుసుకోవడానికే అడుగుతారు.

పైన కమిటీ ఎన్నికలు. చర్చి స్థలాల షాపుల అద్దెల మీద రెండు వర్గాలు, కోర్టు కేసులు, పోలీసు బందోబస్తు మధ్య ఆరాధన. ఆ ఆదివారం గేటు దగ్గర పోలీసు జీపు చూసి కొత్తవాడు లోపలికి ఎందుకు వస్తాడు?

విశ్రాంత_హెడ్మాస్టర్ (బుధవారం, ఉదయం 5:55)

ఈ గొడవ మొదట్నుంచీ ఉంది. ఒంగోల్లో క్లౌ దగ్గరికి పై కులాలవాళ్లు వచ్చి, మాదిగల్ని చేర్చుకోకపోతే మేం వస్తాం అన్నారు. ఆయనా, ఆయన భార్యా వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోట దొరికిందని చెప్తారు, మొదటి కొరింథీ ఒకటో అధ్యాయం 26వ వచనం నుంచి, లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటు. మాదిగల్ని చేర్చుకున్నారు, పై కులాలవాళ్లు వెళ్లిపోయారు. ఎవరు వస్తే బాగుంటుందని కూర్చుని లెక్కేసుకునే సంఘానికి అప్పుడు జరిగింది చెప్పాలి. క్వయర్ అన్నట్టు, ఆ చేరినవాళ్ల మనవలే ఇప్పుడు పేట అడుగుతున్నారు, అది వేరే బాధ.

గుణదల_మేరీ (బుధవారం, ఉదయం 10:30)

మేం కతోలికులం, మా అనుభవం తలకిందులు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల కొండ మీద మరియమాత తిరునాళ్లు. అన్ని మతాలవాళ్లూ లక్షల్లో వస్తారు, తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ఎవరూ కరపత్రం ఇవ్వక్కర్లేదు. మెదక్ చర్చికి కూడా క్రిస్మస్‌కి జనం అలాగే వస్తారు. కొవ్వొత్తి వెలిగించి, ఫొటో దిగి వెళ్లిపోతారు. కాబట్టి జనం రావడం వేరు, సంఘంలో కలవడం వేరు. ఎల్‌ఈడీ సిలువ చూసి వచ్చేవాళ్లు కూడా అంతే అనుకుంటున్నా. అయినా మా ఫాదర్ ఒక మాట అనేవారు, మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లకి నీళ్లు, నీడ ఇవ్వడం కూడా సేవే, చేర్పించే లెక్క తర్వాత.

డల్లాస్_ప్రసాద్ (బుధవారం, ఉదయం 11:05)

ఇక్కడ తెలుగు సంఘాల్లో కొత్తవాళ్లు రావడానికి ఒకటే కారణం. ఎంఎస్‌కి వచ్చిన స్టూడెంట్‌కి కారుండదు, వండుకోవడం రాదు. ఆరాధన తర్వాత పప్పన్నం, రైడ్. హిందూ పిల్లలు కూడా వస్తారు, తింటారు, కొందరు ఉంటారు. మీ ఊళ్లో పనికొస్తుందో లేదో తెలీదు.

పాస్టరమ్మ (బుధవారం, మధ్యాహ్నం 3:40)

అందరూ గేటు బయట సంగతులే రాస్తున్నారు. గేటు దాటి వచ్చాక ఏం జరుగుతుందో నేను రాస్తాను, నేను కూర్చునేది ఆడవాళ్ల వైపు కాబట్టి నాకు కనిపిస్తుంది.

మొదటిసారి వచ్చినామెకి చెప్పులు ఎక్కడ విడవాలో తెలీదు. కొంగు తలమీద వేసుకోవాలని తెలీదు, పక్కామె మోచేత్తో పొడిచి చెప్తుంది. అయ్యగారు "హబక్కూకు మూడో అధ్యాయం" అంటారు, అందరూ టకటకా తీస్తారు, ఆమె చేతిలో బైబిలే ఉండదు. కానుక సంచీ ముందుకొస్తుంది, పర్సులో ఆటో డబ్బులే ఉంటాయి. ప్రభు భోజనం రోజైతే బాప్తిస్మం తీసుకోలేదని రొట్టె పళ్లెం ఆమెని దాటి పోతుంది, ఎందుకో ఎవరూ ముందు చెప్పరు. ఇవన్నీ చాలవన్నట్టు "కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి" అని మైకులో పిలుస్తాం, చప్పట్లు కొడతాం, ఫొటో తీసి గ్రూపులో పెడతాం. ఆ ఫొటో వాళ్ల అత్తగారి ఫోన్‌లోకి వెళ్లాక ఆ పిల్ల మళ్లీ రాదు.

మేం నిలబెట్టడం మానేశాం. ఫొటోలు మానేశాం. కొత్తామె పక్కన కూర్చుని వచనం తీసిచ్చే పని ఇద్దరికి అప్పజెప్పాం, వాళ్లు మాటకారులు కాదు, కావాలనే అలాంటివాళ్లని పెట్టాం. ఇంటికి వెళ్లేది కూడా ఆమె రమ్మంటేనే, ఒక్కళ్లే, అదీ భర్త ఇంట్లో ఉన్నప్పుడు. ఐదుగురు బైబిళ్లు పట్టుకుని వెళ్తే వీధంతా తలుపు దగ్గరికి వస్తుంది.

శుక్రవారం స్త్రీల కూడికకి వచ్చేవాళ్లు ఆదివారం రాలేనివాళ్లు. ఆదివారం మొగుడు ఇంట్లో ఉంటాడు, కూర వండాలి. సంఘం లెక్క ఆదివారమే తీస్తే వీళ్లు కనపడరు.

పక్క_గోడ_రాఘవ (బుధవారం, సాయంత్రం 5:15)

అమ్మా, మీరు మా పక్క చర్చి అమ్మగారు కాదుగా?

పాస్టరమ్మ (బుధవారం, సాయంత్రం 5:32)

కాదు నాయనా, మాది కృష్ణా జిల్లా. మీ అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?

గుండ్లకమ్మ_సెక్రటరీ (ఆదివారం, రాత్రి 9:20)

ఈ రోజు ఆరాధన తర్వాత పెద్దల మీటింగ్ అయింది. ఇక్కడ చదివినవి వాళ్ల ముందు పెట్టాను. ఎల్‌ఈడీ సిలువ పోయింది. కూటాలు వాయిదా, పూర్తిగా వదల్లేదు, ఒక పెద్దాయన గట్టిగా పట్టుబట్టారు. బయటి హారన్ తీసేస్తున్నాం, లోపల మాత్రం రెండు కొత్త బాక్సులు, జాషువా సంతోషపడొచ్చు. మ్యాప్స్‌లో మా చర్చి పేరు చూస్తే "కమ్యూనిటీ హాల్" అని ఉంది, ఆరాధన టైమ్ తప్పు. మా అబ్బాయి మార్చాడు.

వెనక ఉన్న పాత మిషన్ స్కూలు గదిలో వేసవి అయ్యాక టెన్త్ పిల్లలకి సాయంత్రం లెక్కలు, ఇంగ్లీషు చెప్పాలనుకున్నాం. సంఘంలో రిటైరైన టీచర్లు ఆరుగురున్నారు, ఊరికే ఉన్నారు. ఏ మతం పిల్లలైనా రావచ్చు, ఫీజు లేదు. రిజిస్టర్‌లో పేట, కులం కాలమ్ ఉండదు, దీని మీద పావుగంట వాదన జరిగింది. వెనక బెంచీల వాళ్ల సంగతి మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తితే "ఇప్పుడెందుకు" అన్నారు. ఎత్తుతాను.

ఖమ్మం_ఉజ్జీవం (ఆదివారం, రాత్రి 9:55)

మంచిదే బ్రదర్. కానీ ట్యూషన్‌లో ప్రార్థన, ఒక వచనం లేకపోతే దానికీ బజార్లో కోచింగ్ సెంటర్‌కీ తేడా ఏంటి?

పాస్టరమ్మ (ఆదివారం, రాత్రి 10:10)

తేడా ఫీజు లేకపోవడం అన్నా, మొదటి ఏడాదికి అది చాలు. ప్రార్థన కావాలంటే ట్యూషన్ అయ్యాక పక్కనున్న చర్చిలో చేసుకోండి, ఉండాలనుకున్నవాళ్లు ఉంటారు, వెళ్లేవాళ్లని ఆపకండి. పిల్లల తల్లిదండ్రులకి ఈ మాట మొదటి రోజే చెప్పండి, లేకపోతే రెండో వారం గొడవ.

సెక్రటరీ గారూ, ఆడపిల్లలు చీకటి పడ్డాక ఇంటికి ఎలా వెళ్తారో కూడా ఆలోచించారా? మా దగ్గర ట్యూషన్ ఆగిపోయింది అక్కడే. ఆరున్నరకల్లా వదిలేయండి, వీధిలైటు లేని చోట ఎవరైనా ఒక పెద్దామె తోడు వెళ్లేలా చూడండి.

గుండ్లకమ్మ_సెక్రటరీ (ఆదివారం, రాత్రి 10:18)

ఆలోచించలేదమ్మా. మా వీధిలైటు సంక్రాంతి నుంచి వెలగడం లేదు. రేపు పంచాయతీ ఆఫీసుకి వెళ్తాను.